పిలుపు మావగారి వంతు

మాఘ బహుళ విదియ, శుక్రవారం. వాకిలి చిమ్మి కళ్ళాపి చల్లాను. గేదెకి కుడితి పెట్టి పాలు పితికాను. దంపిన బియ్యం చెరిగి డబ్బాలో పోశాను. నానిన మినప్పప్పు కడిగి రోటి దగ్గర పెట్టాను. మావగారికి కాఫీ కలిపాను.

ఆ రోజు పనుల లెక్క అక్కడితో ఆగిపోయింది. కాఫీ గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్ళేసరికి మా మావగారు గోడకి చేరబడి, నిన్నటి పేపరు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. పిలిచాను. మళ్ళీ పిలిచాను. పిలిస్తే పలకకపోవడం ఆయన అలవాటు కాదు. గ్లాసు కింద పెట్టి మా ఇంటాయన్ని కేకేశాను.

అవి చెరకు ఆడే రోజులు. చోడవరం చుట్టూ ఎటు చూసినా గానుగలే, గాలి నిండా పాకం వాసనే. మావగారి పాడె మోసుకెళ్తున్నప్పుడు దారి పొడుగునా గానుగెద్దుల్ని ఆపేశారట. పెనం మీద పాకం ఉండగా గానుగ ఆపడమంటే చిన్న సంగతి కాదు. రైతుకి రైతు ఇచ్చే మర్యాద అంతకంటే ఏముంటుంది?

పాఠకులకి మా మావగారు తెలియరు. చెరకూ వరీ పండించిన మామూలు రైతు. ముగ్గురు కొడుకులు, నేను నడిపి కోడల్ని. మా అత్తగారు నేను కాపరానికొచ్చిన కొన్నేళ్ళకే పోయారు. ఆయన అక్కగారు, మేమందరం పెద్దత్త అని పిలిచే ఆవిడ, చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథంతా చివరికి ఆవిడ దగ్గరికే వచ్చి ఆగుతుంది.

అత్తగారు ఉన్న రోజుల్లో మా అరుగు మీద సాయంత్రమైతే ఒకటే వాదన. దేశం మనదయింది, ఇక ఏ పద్ధతిలో నడిస్తే బాగుపడుతుంది అని. మా పెద్దబావగారు అనకాపల్లి సంతకి బెల్లం తోలేవారు. ఎవడి కష్టం వాడిది, ఎవడి లాభం వాడిది, అప్పుడే మనిషి ఒళ్ళు వంచుతాడని ఆయన మాట. మా చిన్నమరిది మీటింగులకి వెళ్ళివచ్చే మనిషి. భూమీ పంటా అందరివీ అయితే తప్ప బీదవాడి ఆకలి తీరదని అతని మాట. ఈ రెండూ కాక, రైతులే తలో వాటా వేసుకుని పంచదార మిల్లు పెట్టుకుంటే షావుకారు చేతిలోకి పోయేది మనకే మిగులుతుంది కదా అనేవాళ్ళు కొందరు. మావగారు పేపరు మడిచి పక్కన పెట్టి అందరి మాటా వినేవారు. చివర్న ఎప్పుడూ ఒకటే అడిగేవారు.

"అదంతా బాగానే ఉన్నాది. ఆఖరి పంక్తిలో కూకున్నోడికి ఏటి మిగిలింది? అది సెప్పండి."

దానికి మా బావగారు ఒకటి చెప్పేవారు, మరిది ఒకటి చెప్పేవాడు. మావగారు రెండింటికీ తలూపి లోపలికొచ్చి కాళ్ళు కడుక్కునేవారు.

అత్తగారు పోయాక ఆ వాదన అరుగు మీద నుంచి వంటింట్లోకి వచ్చేసింది. మీగడ ఎవరి పిల్లలకి ఎక్కువ పోయింది, పెందలాడే లేచి పొయ్యి అంటించేది ఎవరు, ఆలస్యంగా లేచేది ఎవరు, ఇవీ మా తగువులు. మా పెద్ద తోటికోడలు ఒకరోజు గరిటె నేలకేసి కొట్టింది. చిన్నావిడ రెండు పూటలు మాట మానేసింది. నేనేమో ఎవరెంత వాడారో లెక్క చెప్పి అగ్గి మీద కిరసనాయిలు పోశాను. మగవాళ్ళు ముగ్గురూ కూర్చుని, వేరు పొయ్యిలు పెట్టుకోవడమే మంచిదని తండ్రికి చెప్పారు. పొయ్యి వేరుపడితే తరవాత గానుగ, ఆ తరవాత పొలం. అది అందరికీ తెలుసు.

ఆయన కాదనలేదు. వేసంగి మూడు నెలలు తనకిమ్మన్నారు. గానుగ పని ఉండదు, పొలం పని తక్కువ. అరుగు మీద చెప్పుకునే పద్ధతులన్నీ నెలకొకటి చొప్పున మన వంటింట్లో నడిపి చూద్దామన్నారు. ఏది నిలబడితే అదే ఖాయం. వేరు పొయ్యిలే బాగుంటే తనే దగ్గరుండి పంచి ఇస్తానన్నారు. మా బావగారు నవ్వు ఆపుకోలేకపోయారు. చిన్నమరిది మాత్రం, "ముందు నాదే పెట్టాలి నాన్నా," అని పంతం పట్టాడు.

చైత్రం అతనిది. మావగారు సామాన్ల గది తాళం తీసి, ఆ తాళంచెవి తీసుకెళ్ళి పెద్దత్త పూజ పీట కింద పెట్టేశారు. చేతనైనంత చెయ్యాలి, కావలసినంత తీసుకోవాలి. అడిగేవాళ్ళు లేరు, రాసేవాళ్ళు లేరు. నాకు చేతులు కట్టేసినట్టుండేది. కానీ ఉన్నమాట చెప్పాలి. ఆ నెలలో మా పెద్ద తోటికోడలికి జ్వరం వచ్చి మంచాన పడితే, ఆవిడ వంతు ఎవరు చేశారన్న మాటే ఇంట్లో పుట్టలేదు. ఎవరి పిల్లలో చూడకుండా పెట్టాం. పిల్లలు నునుపు తేలారు.

నష్టమూ చెబుతాను. నలుగురికీ కనబడే పని అందరూ చేశారు. కనబడని పని ఎవరూ ముట్టుకోలేదు. లాంతరు చిమ్నీ మసిబారి నల్లటి సొరకాయలా తయారైంది. నూతి చప్టాకి పాచి పట్టింది. సమానత్వం గురించి అరుగు మీద అందరికంటే గట్టిగా మాట్లాడే మా మరిది ఇంట్లో అందరికంటే ఎక్కువ నెయ్యి వేసుకునేవాడు. అందరికంటే ఎక్కువ పాటుపడింది అతని భార్య. మావగారు ఇదంతా చూసి ఒకరోజు భోజనాల దగ్గర, "ఒరే, నీ అవసరం మా అందరి అవసరం కన్నా పెద్దదిలాగుందిరా," అన్నారు. అతనూ నవ్వేశాడు. ఆ పూట నెయ్యి గిన్నె ముట్టుకోలేదు.

వైశాఖం పెద్దబావగారిది. వెనక వసారాలో మూడు పొయ్యిలు వేశాం. బియ్యం, పప్పు, చింతపండు, కట్టెలు మూడు వాటాలు. తలో గేదె. ఒకరికి లేనిది మరొకరి దగ్గర కొనుక్కోవాలి. మావగారు ఏ పొయ్యికీ చెందనన్నారు. తన వంతుకి ఒక బుట్టెడు బెల్లం అచ్చులు పెట్టుకుని, అచ్చు ఇచ్చి ఏ పొయ్యి దగ్గర నచ్చితే ఆ పొయ్యి దగ్గర తినేవారు. కోడళ్ళ ముగ్గురి వంటా రుచి చూసి బేరాలాడేవారు. "పక్క పొయ్యి మీద దీనికన్నా మంచి పులుసు ఉన్నాదమ్మా," అని నా ఎదురుగానే అనేవారు. ఉక్రోషంతో నేను మర్నాడు పులుసులో మరి కాస్త బెల్లం వేసేదాన్ని.

ఆ పద్ధతిలో మేలు లేదంటే అబద్ధమాడినట్టు. మూడు లాంతర్లూ అద్దాల్లా మెరిశాయి. కట్టెలు సగమే ఖర్చయ్యాయి. ఎప్పుడూ నోరు మెదపని మా చిన్న తోటికోడలు దిబ్బరొట్టె వేసి రెండు పొయ్యిలవాళ్ళకీ అమ్మింది. ఆవిడ చేతిలో అంత పనితనం ఉందని అన్నాళ్ళూ మాలో ఎవరికీ తెలియదు. మా గేదె కూడా ఎక్కువ పాలిచ్చింది. తన గేదెకి తను మేత వేసుకునే మనిషి చెయ్యి వేరు. ఆ మాట ఈనాటికీ అంటాను.

వాటాలు వేసేటప్పుడు మేం మరిచిపోయింది ఒక్కటే. పెద్దత్తకి వాటా లేదు.

ఆవిడకి ఒక నియమం ఉండేది. తమ్ముడి ఇల్లే అయినా, పొయ్యి దగ్గరి నుంచి మనిషి వచ్చి పిలిస్తే తప్ప ఆకు ముందు కూర్చోరు. బతిమాలించుకోవడం కాదది. కట్టుబట్టలతో తిరిగొచ్చిన మనిషి నిలబెట్టుకున్న ఒకే ఒక్క మర్యాద. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ మొదటి పిలుపు ఆవిడకే. మూడు పొయ్యిలయ్యాక మొదట్లో ముగ్గురం పోటీపడి పిలిచాం. "నాకున్నది ఒక్క కడుపేనర్రా," అని నవ్వేవారు. పోటీ ఉంటే వడ్డన ఎంత బాగుంటుందో చూశారా అని మా బావగారు మురిసిపోయారు. రాను రాను, ఎలాగూ పక్కవాళ్ళు పిలుస్తారు కదా అనిపించడం మొదలైంది.

ఆ నెల ఏకాదశికి ఆవిడ ఎప్పటిలాగే ఉపవాసం ఉన్నారు. మర్నాడు ద్వాదశి నాడు పొద్దెక్కకుండా తినాలి. తలంటుకుని, తులసికి నీళ్ళు పోసి, వసారా చివర కూర్చున్నారు. నా పొయ్యి వైపు కూర్చున్నారు కాబట్టి నా దగ్గర తిన్నారని పెద్ద తోటికోడలు అనుకుంది. పెద్దత్త ఇత్తడి గ్లాసు చిన్నావిడ పొయ్యి పక్కన బోర్లించి ఉంది కాబట్టి అక్కడ అయిపోయిందని నేననుకున్నాను. నేను ముందురోజే పెసరపప్పు నానబోయడం చూసి, అది పెద్దత్త కోసమేనని చిన్నావిడ అనుకుంది. ముగ్గురివీ ఆనవాళ్ళే, ముగ్గురివీ తప్పే. వైశాఖపు ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు మావగారు నా పొయ్యి దగ్గరికి వచ్చారు. ఖాళీ బుట్ట చూపించారు.

"అమ్మా, ఒక చెంబుడు మజ్జిగ ఇయ్యి. బెల్లం అయిపోనాది. బాకీ రాసుకో."

ఆయన తాగడానికే అనుకుని ఉప్పూ నిమ్మాకూ వేసి ఇచ్చాను. ఆయన తాగలేదు. చెంబు పట్టుకుని గబగబా నూతి వైపు వెళ్ళారు. ఏమిటా అని వెనకే వెళ్ళాను. పెద్దత్త చప్టా మీద తల గోడకి ఆనించి కూలబడి ఉన్నారు. దాహం వేసి చేదుకుందామని వచ్చి, చేద లాగలేకపోయారు. మావగారు ఆవిడ తల తన భుజానికి చేర్చుకుని గుక్కగుక్కగా పట్టించారు.

"తినలేదేటి అప్పా?" అన్నారు. అక్కని ఆయన అలాగే పిలిచేవారు.

"ఎవులూ పిలవలేదురా," అన్నారు ఆవిడ. నిష్ఠూరంగా కాదు. ఇవాళ వాన పడలేదు అన్నట్టు అన్నారు.

ఆవిడకి అన్నం పెట్టి, పడుకోబెట్టి వచ్చాక వసారాలో అందరం పోగయ్యాం. మా మరిది అందుకున్నాడు; లాభం చూసుకునే పద్ధతిలో ముసలివాళ్ళ గతి ఇంతేనన్నాడు. బావగారు ఊరుకోలేదు. పోయిన నెల ఆవిడ తిన్నది నీ పద్ధతి వల్ల కాదు, వంటిల్లు ఒక్కటే కాబట్టి ఎవరో ఒకరి కంట పడింది, అంతే అన్నారు. నాకు ఇద్దరి మాటలోనూ నిజం ఉందనిపించింది. మావగారు పెద్దకొడుకునీ తిట్టలేదు, చిన్నకొడుకునీ మెచ్చుకోలేదు.

"పద్దతి అన్నం వండుద్దిరా. పిలవదు. పిలవడం మనిషే సెయ్యాలి. ఆ పని ఎవుడిదో ముందు రాయండి. మిగతా పనులు తరవాత రాసుకుందాం."

జ్యేష్ఠం వాటాల పద్ధతి. పొయ్యి ఒక్కటే. తలా ఇంత అని సరుకు కొలిచి ఇవ్వాలి, వారానికొకరు వంట చూడాలి, నెలాఖరుకి మిగిలింది ఇచ్చినదాన్ని బట్టి పంచుకోవాలి. వంటింటి గోడ మీద వంతులన్నీ సుద్దతో రాశాం. అన్నిటికంటే పైన మావగారు తన చేత్తో రాశారు: పిలుపు. దాని ఎదురుగా తన వంతు అని రాసుకున్నారు.

ఇందులో లోపం లేదని చెప్పను. ఆదివారం కూర్చుని మాట్లాడుకోవాలి. చింతపండు కొత్తది వాడాలా పాతది వాడాలా అన్న దాని మీద ఒకసారి అన్నాలు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. గొంతు పెద్దదున్నవాళ్ళ మాటే నెగ్గేది. చిన్నావిడ చేత మాట్లాడించడానికి మావగారు, "దిబ్బరొట్టె అమ్మినప్పుడు నోరున్నాది కదమ్మా, ఇప్పుడేటైపోనాది?" అని ఉడికించేవారు. మెల్లగా ఆవిడకీ గొంతు వచ్చింది.

మూడు నెలలూ అయ్యాక పొయ్యి వేరుపడలేదు. అలాగని మూడో పద్ధతినీ ఉన్నదున్నట్టు ఉంచలేదు. గేదెలు ఎవరివి వారికే వదిలేశాం, ఎందుకంటే గేదె విషయంలో బావగారిదే నిజం. జబ్బుపడిన మనిషి వంతు లెక్కలో రాయకూడదన్నది చిన్నమరిది నెల నుంచి తీసుకున్నాం. పొయ్యీ గానుగా వాటాల మీద నడిచాయి. ఇంటి ఇల్లాలిగా నన్నడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. ఏదో ఒక్క పద్ధతి పట్టుకుని అన్నిటికీ అదే తాళంచెవి అనేవాళ్ళు ఒక వేసంగి వంటిల్లు నడిపి చూడాలి. గేదెకి ఒక పద్ధతి, పొయ్యికి ఒకటి, జ్వరానికి ఒకటి. ఏది దేనికో తేల్చుకోవడమే తెలివి.

తరవాత మిల్లు వాటాల కోసం రైతులు మీటింగు పెడితే మావగారు వెళ్ళి వాటా రాశారు. ఆ మీటింగులో కూడా ఆయన అడిగింది ఒక్కటేనట. అరెకరం చెరకున్నవాడి బండిని లోపలికి ఎవరు పిలుస్తారు, ఆ పని ఎవరిదని రాశారు అని. పక్కవాళ్ళు నవ్వి ఆయనకి పిలుపుల పెద్దాయన అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంటికొచ్చి తనే చెప్పుకుని సంబరపడ్డారు.

ఆనాటి నుంచి పోయే ముందు రోజు దాకా ఆయన వంతు ఆయన తప్పలేదు. వడ్డన వేళకి వంటింటి గుమ్మంలో ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించి నిలబడి, ముందు "అప్పా, రా," అనేవారు. ఆ తరవాతే కొడుకులు, పిల్లలు, పాలేరు. మా కోడళ్ళని కూడా పిలిచేవారు. వండిన ఆడవాళ్ళని అన్నానికి పిలవడం ఏ ఇంట్లోనైనా ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఉండేది. బయటికి వెళ్ళవలసి వస్తే ఆ వంతు ఎవరికో ఒకరికి అప్పజెప్పి మరీ బస్సెక్కేవారు.

ఇక ఆ మజ్జిగ బాకీ. పొయ్యిలు కలిశాక అది కొట్టేస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"కొట్టేస్తే నువ్వు దానం సేసినట్టు, నేను తీసుకున్నట్టు. వద్దమ్మా. బాకీగానే ఉండనీ. ఆ రోజు మరిచిపోకుండా ఉంటాను."

ఇంటి లెక్కలు రాసేది నేనే. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఒక్కటీ అలాగే ఉండిపోయింది. ఉగాదికి కొత్త పుస్తకం పెట్టినప్పుడల్లా అందులోకి ఎక్కించేదాన్ని. ఆయన తొంగిచూసి, ఉందా అని అడిగి, ఉందంటే తృప్తిగా వెళ్ళిపోయేవారు.

పెద్దకర్మ నాడు మా వైపు ఆనవాయితీ ప్రకారం కొడుకులు ముగ్గురూ పదిమందిలో చేతులు జోడించి నిలబడ్డారు. తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే చెప్పమని, తీర్చుకుంటామని అడిగారు. అప్పుడు పెద్దత్త లేచారు.

"ఉన్నాది. మజ్జిగ బాకీ."

పెద్దత్తకి మతి చలించిందని చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఇంటాయన నా వైపు చూశారు. అది బాకీ కాదు పెద్దత్తా అని నేను అనబోయాను.

"నువ్వు కాదంటే అయిపోద్దేటి? ఆడు రాసుకోమన్నాడు. తాగింది నేను."

ఆ రోజు చుట్టాల సందడిలో అది అక్కడితో ఆగింది. కానీ నాకు బాకీ గురించి దిగులు లేదు. నా దిగులంతా మర్నాటి గురించి. చుట్టాలు వెళ్ళిపోతారు. మళ్ళీ మా పొయ్యి, మా వంతులు. గోడ మీద అన్నిటికంటే పైనున్న వంతుకి మనిషి లేడు. నేనే తీసుకుందామని అనుకుంటూనే ఉన్నాను. పెద్ద తోటికోడలూ అదే అనుకుంటోందని, చిన్నావిడా అదే అనుకుంటోందని నాకు తెలుసు. ముగ్గురం అనుకుంటే ఏమవుతుందో ద్వాదశి నాడు చూశాం కదా.

మర్నాడు వంట నా వంతు. అన్నం వార్చి, నూతి దగ్గర చేతులు కడుక్కుని వచ్చేసరికి వంటింట్లో కవ్వం చప్పుడు. పెద్దత్త నా పెరుగు కుండ ముందు కూర్చుని చిలుకుతున్నారు. ఎవరూ పిలవలేదు. ఆ ఇంట్లో పిలుపు లేకుండా ఆవిడ వంటింటి గడప దాటడం నేను అంతకుముందు చూడలేదు. వెన్న తీసి పక్కన పెట్టారు. ఉప్పు వేశారు. నిమ్మాకు నలిపి వేశారు. ద్వాదశి నాటి చెంబే వెతికి తీసి, దాని నిండా పోసి నా చేతికిచ్చారు.

"కూకో గుంటా. తాగు."

నాకు తల నెరుస్తోంది. ఆవిడకి మాత్రం ఇంకా గుంటనే, చిన్నపిల్లనే. పీట వాల్చుకుని కూర్చుని తాగాను. పుల్లగా, చల్లగా ఉంది. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆవిడ నా ఎదురుగా నిలబడి చూశారు.

"తీరినట్టేనా?"

"తీరింది పెద్దత్తా."

"అయితే ఆడి వంతు నాకియ్యి. ఈ ఇంట్లో నాకు ఇన్నాళ్ళూ ఏ వంతూ నేదు."

నేను గోడ వైపు చూశాను. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. తడి చెయ్యి చెంగుకి తుడుచుకుని గుమ్మంలోకి వెళ్ళారు. ఆయన చెయ్యి ఆనించి ఆనించి ద్వారబంధం ఒకచోట నునుపు తేలి ఉంది. ఆవిడ పొట్టి మనిషి. అంత ఎత్తు అందదు. దానికి కింద చెయ్యి ఆనించి, వీధిలోకి వినబడేంత గొంతుతో పిలిచారు.

"ఒరే, రండ్రా అన్నాలకి. ఓ పెద్దకోడలా, ఓ చిన్నకోడలా, రండి. అందరూ రండి."

పాలు నా గేదెవి, చిలికిన కష్టం ఆవిడది. అలాంటప్పుడు బాకీ తీరినట్టా కాదా అని మావగారు ఉంటే అరుగు మీద ఒక సాయంత్రమంతా వాదన పెట్టించేవారు. నాకు ఆ సందేహం లేదు. అందరూ తిని లేచాక పుస్తకం తీసి రాశాను: మావగారి మజ్జిగ బాకీ, పెద్దత్త చేతుల మీదుగా, చెల్లు.